యూదుల పెద్ద పండుగల్లో పాట నడిపేవారికి ఎంత ఇవ్వాలి? లెక్క ఎక్కడ చిక్కుపడుతోంది?

అమెరికాలో యూదుల ప్రార్థనామందిరాలైన సినగాగ్‌లలో ఏటా వేసవి వచ్చేసరికి ఒక బేరం మొదలవుతుంది. సెప్టెంబరులోనో అక్టోబరు మొదట్లోనో వచ్చే పెద్ద పండుగలకి ప్రార్థనని పాడి నడిపించే మనిషి కావాలి. ఆ మనిషి ఒక మొత్తం చెబుతారు. కోశాధికారి ఆ మొత్తాన్ని ప్రార్థన జరిగే గంటలతో భాగించి ఉలిక్కిపడతారు. పాడే మనిషి అదే మొత్తాన్ని తాను నిజంగా వెచ్చించే గంటలతో భాగించి నొచ్చుకుంటారు. భాగహారం ఇద్దరిదీ సరైనదే. దేనితో భాగిస్తున్నారన్న దగ్గరే తేడా.

న్యూజెర్సీ, న్యూయార్క్ ప్రాంతాల్లో ఉండే తెలుగు కుటుంబాలకి ఈ పండుగలు పిల్లల స్కూలు సెలవులుగా పరిచయం. 2025లో యోం కిప్పూర్, మన విజయదశమి ఒకే రోజు, అక్టోబరు 2న పడ్డాయి. పక్కింటివాళ్ళు తెల్లబట్టలు వేసుకుని ఉదయాన్నే సినగాగ్‌కి వెళ్ళడం చూసినవాళ్ళు ఉంటారు. లోపల పాట ఎవరు పాడుతున్నారో, ఆ పాట వెనక డబ్బు లెక్క ఎలా నడుస్తుందో మాత్రం బయటికి తెలియదు.

భక్తి, వేతనం ఒకచోట కలిసిన ప్రతి మతంలోనూ ఇలాంటి పేచీ ఉంటుంది. యూదులు దీన్ని పదిహేను వందల ఏళ్ళకి పైగా రాతలో వాదించుకుంటూ వచ్చారు. ఆ వాదనల్లోంచే నేటి లెక్కకి పనికొచ్చే సూత్రాలు కొన్ని దొరుకుతాయి. అందుకే ఈ విషయం ఓపికగా విడదీసి చూడదగ్గది.

పండుగలు ఏవి, గొంతు మీద పడే బరువెంత

రోష్ హషానా యూదుల సంవత్సరాది. వాళ్ళ పంచాంగంలో తిష్రీ నెల మొదటి రెండు రోజులు. తెలుగు బైబిల్లో లేవీయకాండం చదివినవారికి శృంగధ్వని చేసే పండుగగా ఇది గుర్తుంటుంది. పొట్టేలు కొమ్ముతో చేసిన షోఫార్ అనే బూరను ఊదేది ఆ రోజునే. పదో రోజు యోం కిప్పూర్, ప్రాయశ్చిత్త దినం. దాదాపు 25 గంటలు ఉపవాసం, మంచినీళ్ళు కూడా ముట్టరు. ఏడాదంతా సగం ఖాళీగా ఉండే హాలు ఈ రోజుల్లో కిక్కిరిసిపోతుంది. ఈ పండుగలకి తప్ప సినగాగ్ గుమ్మం తొక్కని కుటుంబాలు చాలా ఉన్నాయి. అందుకే చాలా సినగాగ్‌లు ఈ రోజులకి సీట్లు కేటాయించి టికెట్లు ఇస్తాయి.

యోం కిప్పూర్‌కి సంప్రదాయం ప్రకారం అయిదు ప్రార్థనలు. ముందురోజు సాయంత్రం కొల్ నిద్రేతో మొదలై, మర్నాడు ఉదయపు ప్రార్థన, ముసాఫ్ అనే అదనపు ప్రార్థన, మిన్హా అనే మధ్యాహ్నపు ప్రార్థన మీదుగా చీకటిపడే వేళ నెయీలాతో ముగుస్తుంది. నడుమ చనిపోయినవారిని తలచుకునే యిజ్కోర్ ఉంటుంది. మామూలు శనివారం ప్రార్థనలో వాడే బాణీలు ఇక్కడ చెల్లవు. ఈ పది రోజులకి వేరే స్వరమార్గం ఉంది. దాన్ని నుసాహ్ అంటారు. పదాలు పాతవే అయినా స్వరం మారిపోతుంది. ఏడాదికొక్కసారి వాడే ఆ స్వరాన్ని ఏడాది పొడవునా గొంతులో నిలుపుకోవాలి.

కొల్ నిద్రేని సూర్యాస్తమయానికి ముందే మొదలుపెట్టి మూడుసార్లు పాడతారు. మొదటిసారి మెల్లగా, రెండోసారి కాస్త హెచ్చుగా, మూడోసారి ఇంకా హెచ్చుగా పాడాలని 16వ శతాబ్దపు శాస్త్రకారుడు మోషె ఇసర్లెస్ రాశాడు. ముసాఫ్‌కి ముందు చాలాచోట్ల పాడే మనిషి హాలు వెనక నుంచి హినెనీ అనే ప్రార్థన పాడుకుంటూ ముందుకి నడుస్తారు. ‘సత్కర్మల్లో నిరుపేదని, అర్హత లేకపోయినా వీరి తరఫున నీ ముందు నిలబడ్డాను, నా పాపాలకి వీరిని బాధ్యుల్ని చేయకు’ అన్నది దాని సారం. ఆ తర్వాత పూర్వం జెరూసలేం ఆలయంలో జరిగిన పూజావిధిని గుర్తుచేసుకునే భాగంలో సాష్టాంగపడాలి. ఆ ప్రార్థన నడుమ పాదాలు చోటు కదలకూడదు కాబట్టి, పక్కన నిలబడ్డ ఇద్దరు చంకల కింద చేతులు వేసి లేపుతారు. లేవగానే పాట తెగకుండా అందుకోవాలి. అప్పటికి నీళ్ళు తాగి పద్దెనిమిది గంటలు దాటి ఉండొచ్చు.

ఇదంతా తెలిశాక, ఇది నాలుగు పూటల పాట అనడం ఎంత పొరపాటో అర్థమవుతుంది.

ఒకే పీఠం, రకరకాల మనుషులు

ప్రార్థన పాడి నడిపేవారిని హజాన్ అంటారు. ఇంగ్లీషు వ్యవహారంలో కాంటర్. సంప్రదాయం వారికిచ్చిన హోదా సభ తరఫున దేవుడి ముందు నిలబడే ప్రతినిధి. అయితే ఆ పీఠం మీద నిలబడేవాళ్ళు అందరూ ఒకే తరహా కాదు. బేరంలో గందరగోళం చాలావరకు ఇక్కడే పుడుతుంది.

పట్టా పొందిన కాంటర్లు ఉన్నారు. న్యూయార్క్‌లో హీబ్రూ యూనియన్ కాలేజీ 1948లో, జ్యూయిష్ థియలాజికల్ సెమినరీ 1952లో ఇందుకోసం ప్రత్యేక విద్యాలయాలు పెట్టాయి. చదువు పూర్తవడానికి ఏళ్ళు పడుతుంది. ఇలాంటి కాంటర్ ఒక సినగాగ్‌లో ఏడాది పొడవునా ఉద్యోగి అయితే పెద్ద పండుగల పాట జీతంలో భాగమే. విడిగా అడగరు, ఇవ్వరు.

పేచీ ఎక్కువగా వచ్చేది మిగతావారి దగ్గర. కాంటర్ విద్యార్థులు పండుగలకి చిన్న ఊళ్ళ సినగాగ్‌లకి వెళ్ళి పాడతారు. వాళ్ళకి అది చదువులో భాగం, సంపాదన కూడా. ఇక కాంటోరియల్ సోలోయిస్టు అనే వర్గం ఉంది. మంచి గొంతు, సంగీత శిక్షణ, హీబ్రూ చదవగలిగే నేర్పు ఉంటాయి, పట్టా ఉండదు. ఆచారాల్ని కాలానికి తగ్గట్టు మార్చుకున్న రిఫార్మ్ శాఖ సినగాగ్‌లలో ఈ పద్ధతి బాగా కనిపిస్తుంది. వీళ్ళలో చాలామంది మిగతా ఏడాది స్కూల్లో సంగీతం చెప్పుకుంటూనో, వేరే ఉద్యోగం చేసుకుంటూనో బతుకుతారు.

సభలోంచే ఒకరు లేచి పాడే పద్ధతి అన్నింటికన్నా పాతది. చిన్న సమూహాలన్నీ అలాగే నడుస్తాయి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం అనే యూదు సమూహానికి 1990ల నుంచి సొంత సినగాగ్ ఉంది. కొద్ది కుటుంబాలే ఉన్న అలాంటి చోట ప్రార్థన నడిపేది తమలో ఒకరే. పారితోషికం మాట అక్కడ రాదు.

వీళ్ళ వెనక గాయకబృందం, పియానో, ఆర్గన్, కొల్ నిద్రేకి ఒక చెల్లో. పాత నియమాల్ని కచ్చితంగా పాటించే ఆర్థడాక్స్ శాఖ సినగాగ్‌లలో పండుగనాడు వాద్యం మోగదు. రిఫార్మ్ వాళ్ళ దగ్గర మోగుతుంది. ఈ చీలిక పాతదే. 1818లో జర్మనీలోని హాంబర్గ్‌లో రిఫార్మ్ మందిరం ఆర్గన్ పెట్టినప్పుడు మర్నాటి ఏడాదికే రబ్బీల (యూదు మతగురువుల) ఖండనలు పుస్తకంగా అచ్చయ్యాయి. 1841లో దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్ సినగాగ్‌లో ఆర్గన్ వచ్చినప్పుడు సభ రెండుగా చీలి, సంప్రదాయవాదులు విడిగా వెళ్ళిపోయారు. నేటి వాద్యకారుల్లో, గాయకబృందాల్లో యూదులు కానివారు చాలామంది. ఆదివారం చర్చిలో పాడే గాయని యోం కిప్పూర్‌కి సినగాగ్‌లో పాడుతుంది. ఆమెకి అది ఒక పనిదినం. యూదు గాయనికి అదే రోజు తన పిల్లల పక్కన కూర్చోవలసిన పండుగ కూడా. ఇద్దరికీ ఒకే మొత్తం ఇవ్వడం న్యాయమా అని అడిగితే సూటి జవాబు లేదు. గాయక పనికి సమానంగా ఇవ్వడమే సబబని నాకనిపిస్తుంది. పండుగని వదులుకునే నష్టాన్ని డబ్బుతో కొలవబోతే ఎవరి భక్తి ఎంత అన్న ప్రశ్న దగ్గర తేలతాం.

ప్రార్థనకి డబ్బు తీసుకోవచ్చా: శాస్త్రం ఏమంటుంది

విశ్రాంతి దినమైన శబ్బాతు నాడు, పండుగనాడు చేసిన పనికి కూలి తీసుకోకూడదని యూదు శాస్త్రం. ఆ పని చేయదగ్గదే అయినా సరే, ఆ రోజు కూలిగా డబ్బు పుచ్చుకోకూడదు. యూదుల ప్రాచీన ధర్మచర్చల గ్రంథమైన తాల్ముద్‌లో బావా మెత్సియా అనే భాగంలో ఒక కాపలాదారు ఉదాహరణ ఉంది. ఆవునో, పసిపిల్లవాడినో, విత్తనాలనో కాయడానికి రోజుకూలికి పెట్టుకున్న మనిషికి శబ్బాతు కూలి ఇవ్వరు. కాబట్టి ఆ రోజు ఏదైనా పోతే అతని బాధ్యతా లేదు. అదే మనిషిని వారానికో, నెలకో, ఏడాదికో పెట్టుకుంటే శబ్బాతు కూలీ అందులో కలిసిపోతుంది, ఆ రోజు బాధ్యత కూడా అతని మీద ఉంటుంది.

నేటి ఒప్పందాలకి పునాది ఈ కలిసిపోవడమే. దీన్ని హవ్లాఆ అంటారు. విశ్రాంతి దినపు కూలి, మామూలు రోజుల కూలిలో మునిగిపోవాలి. కాంటర్‌కి రిహార్సల్స్, సన్నాహం, పండుగలకి ముందు శనివారం రాత్రి శబ్బాతు ముగిశాక జరిగే సెలిహోత్ ప్రార్థన, ఇవన్నీ మామూలు రోజుల పనే. వీటన్నిటితో కలిపి ఒకే మొత్తం మాట్లాడుకుంటే అభ్యంతరం లేదు. కొల్ నిద్రేకి ఇంత, నెయీలాకి ఇంత అని పూటలవారీగా రాసుకుంటే సంప్రదాయవాదులు ఒప్పుకోరు. రిఫార్మ్ సినగాగ్‌లు చాలావరకు ఈ నియమాన్ని పట్టించుకోవు. అందుకే అక్కడ పూటకింత అన్న లెక్క కూడా వినిపిస్తుంది.

శాస్త్రం ఇక్కడితో ఒక్క గొంతుతో ఆగిపోలేదు. యోసెఫ్ కారో రాసిన, 1565లో వెనిస్‌లో అచ్చయిన షుల్హాన్ అరూఖ్ అనే ధర్మశాస్త్రం చూడండి. అందులో ఒకచోట శబ్బాతు నాడు పాడటానికి హజాన్‌ని కూలికి పెట్టుకోకూడదు అని ఉంది, వెంటనే అనుమతించేవారూ ఉన్నారు అని ఉంది. ఇంకోచోట షోఫార్ ఊదినందుకూ, పండుగల్లో ప్రార్థన నడిపినందుకూ తీసుకున్న కూలిలో దీవెన కనిపించదు అంటుంది. మరోచోట, ఉచితంగా పాడేవాడికన్నా జీతానికి పాడే హజాన్ మేలు అంటుంది. దానికి వ్యాఖ్యాతలు చెప్పిన కారణం చాలా లౌకికమైనది. జీతం తీసుకునేవాడు జాగ్రత్తగా ఉంటాడు. పైగా ఉచితమైతే తగనివాడు కూడా నేను పాడతానని ముందుకొస్తాడు, కాదనడం కష్టం.

ఈ మూడు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నట్టు కనిపిస్తాయి. నిజానికి మూడూ వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. కూలి రూపం ఏమిటన్నది మొదటిది. తీసుకునేవాడి మనసు ఎలా ఉండాలన్నది రెండోది. సభకి ఏది క్షేమమన్నది మూడోది. సినగాగ్ కమిటీలో గొడవ పడేవాళ్ళు ఎవరికి కావలసిన మాట వాళ్ళు పట్టుకుని మిగతా రెండూ వదిలేస్తుంటారు.

తీర్పులు చెప్పినందుకు డబ్బు తీసుకోరాదన్న నియమం దగ్గర తాల్ముద్ ఇంకో దారి చూపింది. కర్నా అనే న్యాయమూర్తి ఉండేవాడు. గిడ్డంగుల్లో ద్రాక్షసారాయి వాసన చూసి అది నిలవ ఉంటుందో పాడవుతుందో చెప్పడం అతని వృత్తి. దానికి డబ్బు ఇచ్చేవారు. తీర్పు కోసం వచ్చినవాళ్ళ దగ్గర ఇరుపక్షాల నుంచీ సమానంగా ఆయన తీసుకున్నది తీర్పుకి వెల కాదు, ఆ వేళ పోగొట్టుకున్న పనికి పరిహారం. పోగొట్టుకున్న పని అందరికీ తెలిసినదై ఉండాలన్నది షరతు. మన దగ్గర పెళ్ళి చేయించిన పురోహితుడికి ఇచ్చే సంభావన కూడా మంత్రానికి వెల కట్టి ఇచ్చేది కాదుగా, కానీ ముహూర్తాల రోజుల్లో ఆయన మన ఇంటికి వచ్చాడంటే మరో ఇంటికి వెళ్ళలేకపోయాడనే లెక్క అందరి మనసులోనూ ఉంటుంది. కర్నా సూత్రం కూడా అలాంటిదే. సెప్టెంబరులో ఒక స్కూలు టీచరు మూడు రోజులు జీతం లేని సెలవు పెట్టి వచ్చి పాడితే, ఆ నష్టం కళ్ళెదుట కనిపిస్తుంది.

ఒక సినగాగ్, ఒక గాయని: గంటల లెక్క

150 కుటుంబాలున్న ఒక రిఫార్మ్ సినగాగ్‌ని, అక్కడ మొదటిసారి పాడుతున్న ఒక సోలోయిస్టుని ఊహించుకుందాం. ఈ అంకెలు లెక్క చూపడానికి అనుకున్నవే, మార్కెట్ ధర కాదు. ఆమెకి 4,000 డాలర్లు ఇస్తామన్నారు.

ప్రార్థనల సమయం: సెలిహోత్ గంటన్నర, రోష్ హషానా ముందురోజు సాయంత్రం గంటన్నర, మొదటి రోజు ఉదయం మూడు గంటలు, రెండో రోజు రెండున్నర, కొల్ నిద్రే రెండు, యోం కిప్పూర్ ఉదయం మూడు, మధ్యాహ్నం నుంచి నెయీలా దాకా మూడున్నర. మొత్తం 17 గంటలు. కోశాధికారి చేతిలో ఉన్న అంకె ఇదే. 4,000ని 17తో భాగిస్తే గంటకి 235 డాలర్లు. ఏ కమిటీ అయినా కళ్ళు పెద్దవి చేస్తుంది.

ఇప్పుడు ఆమె డైరీ చూద్దాం. రబ్బీతో కూర్చుని ఎక్కడ ఎవరు అందుకోవాలో చూసుకోవడం 4 గంటలు, పియానో వాయించేవారితో 6, గాయకబృందంతో 6. కొత్త పాటలు నేర్చుకోవడం, తన శ్రుతికి మార్చి రాసుకోవడం, హీబ్రూ ఉచ్చారణ సరిచూసుకోవడం 40. ఫోన్లు, మెయిళ్ళు, పేజీల క్రమం 5. ప్రార్థనలతో కలిపి 78 గంటలు. గంటకి 51 డాలర్లు.

అక్కడా ఆగదు. ఒక్క పండుగకి వచ్చేవారిని చాలా సినగాగ్‌లు స్వతంత్ర కాంట్రాక్టరుగానే చూస్తాయి. అమెరికాలో అలాంటివారు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ రెండింటికీ యజమాని వాటా కూడా తామే కట్టుకోవాలి. రేటు 15.3 శాతం, నికర ఆదాయంలో 92.35 శాతం మీద. ప్రయాణం, స్వరప్రతులకి 400 ఖర్చయిందనుకుంటే మిగిలింది 3,600. దాని మీద ఈ పన్ను సుమారు 509 డాలర్లు. 3,091ని 78తో భాగిస్తే గంటకి 40 డాలర్ల లోపే. ఆదాయపు పన్ను ఇంకా పడలేదు.

పట్టా ఉన్న కాంటర్లకి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. మతాచార్యుల ఇంటి ఖర్చుకి కేటాయించే భత్యం మీద అమెరికాలో ఆదాయపు పన్ను ఉండదు. కాంటర్‌కి కూడా అది వర్తిస్తుందని 1966లో టాక్స్ కోర్టు తేల్చింది. పట్టా లేని సోలోయిస్టుకి సాధారణంగా ఆ దారి మూసుకుపోతుంది. ఒకే మొత్తం ఇద్దరికీ ఇచ్చినా చేతికి మిగిలేది ఒకటే కాదు.

కోశాధికారి పక్షం కూడా వినాలి. 235 అన్న అంకె తప్పుడు ఉద్దేశంతో పుట్టింది కాదు. సభ్యులకి కనిపించేది 17 గంటలే. ఆ కమిటీలో కూర్చున్నవాళ్ళంతా జీతం లేకుండా పనిచేసేవాళ్ళే. బోయిలరు మార్చాలి, భద్రతకి గార్డుని పెట్టాలి, పిల్లల బడికి టీచరు కావాలి. ఇంటి దగ్గర సాధన చేసిన 40 గంటల్ని మేమెలా సరిచూస్తాం, గొంతు సాధన ఏ గాయనికైనా ఎలాగూ ఉండేదే కదా అని వాళ్ళు అడిగితే అందులో న్యాయం ఉంది. గాత్రసాధన నిజంగానే గాయని సొంత పెట్టుబడి. ఈ సినగాగ్ కోరిన పాటని, ఈ రబ్బీ కోరిన క్రమంలో, ఈ ప్రార్థన పుస్తకం ప్రకారం నేర్చుకోవడం మాత్రం ఈ సినగాగ్ పని. ఆ 40 గంటల్ని ఈ రెండుగా విడదీసి మాట్లాడుకుంటే సగం తగువు తీరుతుంది.

హవ్లాఆ నియమంతో ఇక్కడొక ఇబ్బంది ఉంది. శాస్త్రం ఒకే మొత్తం కోరుతుంది, న్యాయమైన లెక్క విడి విడి గంటలు కోరుతుంది. రిహార్సల్స్‌నీ సన్నాహాన్నీ గంటలవారీగా తెరిచి రాసి, పండుగ ప్రార్థనల్ని వాటిలో కలిపేసిన ఒప్పందం రెంటికీ సరిపోతుంది. ఎందుకంటే శాస్త్రం కప్పమన్నది పండుగ గంటల్నే, మామూలు రోజుల పనిని తెరిచి చూపొద్దని ఎవరూ అనలేదు.

వారం మారితే నష్టం మారుతుంది

యూదు పంచాంగంలో రోష్ హషానా మొదటి రోజు ఆది, బుధ, శుక్రవారాల్లో రాకుండా ఏర్పాటు ఉంది. సోమ, మంగళ, గురు, శనివారాల్లోనే వస్తుంది. 2025లో మంగళవారం వచ్చింది. మంగళ, బుధవారాలు రోష్ హషానా, తర్వాతి వారం గురువారం యోం కిప్పూర్. మూడూ పనిదినాలే. 2026లో శని, ఆదివారాలు రోష్ హషానా, సెప్టెంబరు 21 సోమవారం యోం కిప్పూర్. ఒక్కటే పనిదినం పోతుంది. గురువారం మొదలైతే రెండు పోతాయి.

సోలోయిస్టు బడిలో సంగీతం చెప్పే మనిషైతే కర్నా సూత్రం ప్రకారం 2025 లెక్క, 2026 లెక్క ఒకటి కాకూడదు. ఆచరణలో ఎవరూ అలా ఏటా మార్చరు, సగటు తీసుకుని ఒకే మొత్తం ఉంచుతారు. అదీ సబబే, ఆ మొత్తం ఒక్కటే పనిదినం పోయే ఏడాదిని చూసి కట్టింది కానంతవరకు.

ఇంకో నష్టం పంచాంగంలో కనిపించదు. ప్రపంచంలో సినగాగ్‌లన్నిటికీ ఈ పండుగలు ఒకేసారి వస్తాయి. పెళ్ళిళ్ళ పాటగాడికి ఈ శనివారం పోతే వచ్చే శనివారం ఉంటుంది. ఇక్కడ ఒక సినగాగ్‌కి ఒప్పుకున్నాక ఆ ఏడాదికి మరో అవకాశం లేదు. ఆగస్టులో సినగాగ్ మనసు మార్చుకుంటే గాయనికి మిగిలేది ఖాళీ సెప్టెంబరే. అదే గాయని గొంతు పట్టేసిందని ఆఖరి వారంలో తప్పుకుంటే సినగాగ్‌కీ అంతే గడ్డు పరిస్థితి, కాస్త తెలిసిన ప్రతి గొంతూ అప్పటికే ఎక్కడో కుదిరిపోయి ఉంటుంది. రద్దు నిబంధన రెండువైపులా ఉండాలనడానికి ఇదే కారణం.

అందరికీ ఒకే ధరల పట్టిక ఎందుకు లేదు

రిఫార్మ్ కాంటర్లకి అమెరికన్ కాన్ఫరెన్స్ ఆఫ్ కాంటర్స్, రిఫార్మ్, ఆర్థడాక్స్ శాఖలకి నడుమ ఉండే కన్సర్వేటివ్ శాఖ కాంటర్లకి కాంటర్స్ అసెంబ్లీ ఉన్నాయి. వాళ్ళే ఒక పట్టిక వేసి ఇంతకి తక్కువ పాడవద్దు అంటే పోదా అని చాలామంది అడుగుతారు. అమెరికా పోటీ చట్టాల దగ్గర అది కుదరదు. విడివిడిగా వృత్తి చేసుకునేవాళ్ళు కలిసి ధర కట్టడం చట్టానికి కంటగింపు. ఇందుకు దగ్గరి ఉదాహరణ అమెరికన్ గిల్డ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్. 1896లో పుట్టిన ఆ సంఘం సభ్యులకి పారితోషికాల పట్టికలు, లెక్కగట్టే సూత్రాలు ఇచ్చేది. ఒక మందిరంలో బయటి ఆర్గనిస్టు వాయిస్తే అక్కడి సొంత ఆర్గనిస్టుకి కూడా రుసుము ఇవ్వాలన్న నియమమూ ఉండేది. ఇది పోటీని అడ్డుకోవడమేనని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభ్యంతరం చెప్పింది. 2017లో ఆ నియమాలు మానుకుంటామని గిల్డ్ ఒప్పుకుంది.

వినియోగదారు వైపు నుంచి చూస్తే కమిషన్ మాట అర్థమవుతుంది. కానీ ఏటా ఒక్క ఒప్పందమే చేసుకునే సోలోయిస్టుకి పక్క ఊరి సినగాగ్ ఎంత ఇస్తుందో తెలిసే దారి సన్నగిల్లింది. చీకట్లో బేరం ఆడితే సాధారణంగా నష్టపోయేది మొహమాటం ఉన్నవాళ్ళే. ప్రార్థన విషయంలో మొహమాటం ఇంకా ఎక్కువ.

పేరున్న గొంతుల సంగతి వేరు. 1912లో న్యూయార్క్ చేరిన యోసెలె రోజెన్‌బ్లాట్ గొంతుకి షికాగో ఒపేరా 1918లో ఒక్కో ప్రదర్శనకి 1,000 డాలర్లు ఇస్తామంది. కాంటర్‌గా తన హోదాకి అది తగదని ఆయన ఒప్పుకోలేదు. మెట్రోపాలిటన్ ఒపేరాలో 1945 నుంచి పాడిన రిచర్డ్ టక్కర్ అంతకు ముందు బ్రూక్లిన్‌లో కాంటర్. ఒపేరాలో పేరు వచ్చాక కూడా పెద్ద పండుగలకి పాడటం మానలేదు. ఇలాంటివారి పారితోషికం టికెట్ల అమ్మకంతో ముడిపడింది. దాన్ని చూపించి 150 కుటుంబాల సినగాగ్‌లో ధర పెంచడమూ పొసగదు, రోజెన్‌బ్లాట్ డబ్బు కాదన్నాడు కదా అని తగ్గించడమూ పొసగదు. ఆయన కాదన్నది ఒపేరాని. సినగాగ్ ఇచ్చే జీతాన్ని కాదు.

2020లో కరోనా వచ్చాక ఇంకో అంశం చేరింది. ఎన్నో సినగాగ్‌లు ప్రార్థనని ఇంటర్నెట్‌లో ప్రసారం చేశాయి, చాలాచోట్ల ఆ అలవాటు నిలిచిపోయింది. ప్రార్థనా స్థలంలో ఆరాధనలో భాగంగా పాడే మతసంగీతానికి అమెరికా కాపీరైట్ చట్టం మినహాయింపు ఇస్తుంది. ప్రసారానికి ఆ మినహాయింపు లేదు, విడిగా లైసెన్సు కావాలి. గాయని పాట రికార్డుగా మిగిలి వచ్చే ఏడాది ఆమె లేకుండానే వాడుకునే వీలుంది. ఒప్పందంలో దాని ఊసే లేకపోతే ఎవరి హక్కు ఎంతో తేల్చడం కష్టం.

ఇచ్చేది ఎవరు, ఎవరి నుంచి ఎంత

న్యాయం అనగానే గాయనికి ఎంత అన్నదే అందరూ మాట్లాడతారు. ఆ డబ్బు సభ్యుల నుంచి ఎలా వసూలు చేయాలన్నది అంతే ముఖ్యమైన ప్రశ్న. షుల్హాన్ అరూఖ్ దీన్ని వదల్లేదు. హజాన్ జీతం ఊరి ఉమ్మడి నిధి నుంచి ఇవ్వాలి, అతని ప్రార్థన పేదకీ ధనికుడికీ సమానమే అయినా పేదకి ధనికుడితో సమానంగా ఇచ్చుకునే శక్తి లేదు కదా అంటుంది. దానికి మోషె ఇసర్లెస్ చేర్చిన మాట నాకు చాలా నచ్చింది. సగం ఆస్తిని బట్టి, సగం తలలని బట్టి వసూలు చేయడం వాడుక అని.

మూడు కుటుంబాలు, తలో నలుగురు మనుషులు, సంగీతం ఖర్చు 900 డాలర్లు అనుకుందాం. ఆదాయాలు 2,00,000, 75,000, 25,000. తలలని బట్టి పంచితే తలో 300. ఆదాయాన్ని బట్టి పంచితే 600, 225, 75. సగం సగం పద్ధతిలో మొదటి కుటుంబం 450, రెండోది 262.50, మూడోది 187.50 ఇస్తాయి. పేదకి భారం తగ్గుతుంది, కానీ ధనికుడు సినగాగ్‌ని కొనేసినట్టూ ఉండదు, పేద ఊరికే వచ్చి కూర్చున్నట్టూ ఉండదు.

నేటి సినగాగ్‌లు టికెట్ పద్ధతిలో దాదాపు తలలని బట్టే వసూలు చేస్తాయి. చాలాచోట్ల ఆదాయాన్ని బట్టి తగ్గింపులు ఉన్నాయి, అడగాలంటే మొహమాటం. టికెట్ అసలే వద్దు, తలుపులు తెరిచి విరాళాల మీద నడుపుదాం అనేవారూ ఉన్నారు. చబాద్ అనే ఆర్థడాక్స్ ఉద్యమపు కేంద్రాలు సాధారణంగా అలాగే చేస్తాయి. దాతలు బలంగా ఉన్నచోట అది బాగానే నడుస్తుంది. లేనిచోట మొదట కోత పడేది సంగీతానికే. కొన్నిచోట్ల ఒక దాత సంగీతం ఖర్చంతా భరిస్తానంటారు. సభకి ఊరటే, కానీ ఏ పాట పాడాలో, ఎవరు పాడాలో ఆ దాత ఇష్టం మీద ఆధారపడే ప్రమాదం అందులో ఉంది. తలో కొంత ఇవ్వాలన్న పాత నియమం వెనక ఈ ఎరుక కూడా ఉందనిపిస్తుంది. సభ ప్రతినిధిగా నిలబడే మనిషికి సభ అంతా కలిసి ఇస్తేనే ఆ ప్రాతినిధ్యం నిలబడుతుంది.

రెండో ఏడాది చిక్కు

మన ఊహా గాయని దగ్గరికి మళ్ళీ వద్దాం. రెండో ఏడాది నేర్చుకోవలసింది తక్కువ. 40 గంటల సన్నాహం 15కి దిగింది. మొత్తం 78 గంటలు 53 అయ్యాయి. కమిటీలో ఒకరు అంటారు: గంటకి 51 డాలర్ల లెక్కన ఈసారి దాదాపు 2,700 చాలు కదా. గాయని అంటుంది: నిరుటికన్నా బాగా పాడతాను, సభకి నా గొంతు అలవాటైంది, రబ్బీకి నాతో రిహార్సల్ సులువైంది, బాగా చేసినందుకు జీతం తగ్గిస్తారా?

మొదటి ఏడాది ఒప్పందంలో నేర్చుకునే గంటలకి విడిగా డబ్బు కట్టి ఉంటే కమిటీ మాటకి బలముంది. ఆ పని అయిపోయింది, దానికి ముట్టింది. ఒకే మొత్తం మాట్లాడుకుని ఉంటే ఆ మాట చెల్లదు. మొదటి ఏడాది ఆమె తక్కువకి పాడింది, రెండో ఏడాది అదే 4,000 ఇస్తే రెండేళ్ళకి కలిపి 131 గంటలకి 8,000, అంటే గంటకి 61 డాలర్లు. ఈ వృత్తిలో పెట్టుబడి ముందు పెట్టి తర్వాత రాబట్టుకోవడం మామూలే. అందుకే చాలామంది సోలోయిస్టులు ఒక్క ఏడాదికన్నా రెండు మూడేళ్ళ ఒప్పందం కోరుకుంటారు. సినగాగ్‌కి కూడా ఏటా వేసవిలో వెతుకులాట తప్పుతుంది.

ఆ ఒప్పందం నడుమ ప్రార్థన పుస్తకమే మారిపోతే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. పండుగ ప్రార్థనల పుస్తకాన్ని మహ్జోర్ అంటారు. కన్సర్వేటివ్ శాఖకి 2010లో, రిఫార్మ్ శాఖకి 2015లో కొత్త మహ్జోర్లు వచ్చాయి. వాటిని తీసుకున్న సినగాగ్‌లలో పేజీల క్రమం మారింది, కొన్ని పాఠాలు కొత్తగా చేరాయి, కొన్ని వెనక్కి జరిగాయి. పదేళ్ళుగా కంఠస్థమైన ప్రార్థన కూడా కొత్త పేజీల మీద మళ్ళీ కూర్చుకోవాలి. 15 గంటల సన్నాహం ఆ ఏడాది మళ్ళీ 40 అవుతుంది. ఒప్పందంలో సన్నాహపు గంటలు రాసుకున్న సినగాగ్‌లో ఆ తేడా ఎంతో ఇద్దరికీ వెంటనే తెలుస్తుంది. ఒకే అంకె రాసుకున్నచోట గాయని అడగాలా వద్దా అని తటపటాయిస్తుంది, కమిటీకి ఆ సంగతి తోచనే తోచదు.